పాత ట్యూబ్ యాంప్ పవర్ సప్లై: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నలు చాలావరకు పాత ట్యూబ్ గిటార్ యాంప్‌ల గురించే, అవి కూడా ఎటు తిరిగి ఎటొచ్చినా పవర్ సప్లై (గోడ కరెంటుని ట్యూబులకి కావాల్సిన వోల్టేజ్‌లుగా మార్చే భాగం) దగ్గరే ఆగుతున్నాయి, అందుకని ఈ నెల పేజీలన్నీ దానికే ఇచ్చేస్తున్నాం. ఒకే రకంగా ఉన్న ప్రశ్నల్ని కలిపి ఒకటి చేశాం.

జవాబుల్లోకి వెళ్లేముందే చెప్పాల్సింది ఒకటుంది. ఈ యాంప్‌ల లోపల 300 నుంచి 500 వోల్టుల దాకా డీసీ ఉంటుంది, ప్లగ్ పీకేశాక కూడా ఉండొచ్చు. మల్టీమీటర్ వాడటం, సోల్డరింగ్ చేయడం అలవాటు లేనివాళ్లు ఇది చదివి మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు పనికొచ్చేలా వాడుకోండి, ఛాసిస్ (పార్టులన్నీ బిగించి ఉండే లోపలి లోహపు డబ్బా) మాత్రం బయటికి తీయొద్దు ప్లీజ్.

ప్రశ్న: సార్, మా మావయ్య తన పాత చిన్న యాంప్ నాకిచ్చారు, ఫెండర్ చాంప్ 5ఎఫ్1 సర్క్యూట్, ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉంది. స్విచ్ వేశాక కాసేపు బానే మోగింది, తర్వాత గుర్ర్‌ర్‌మని హమ్ మొదలైంది, ఇప్పుడు గిటార్ కంటే హమ్మే ఎక్కువ వినిపిస్తోంది. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా అలాగే ఉంది. ట్యూబులన్నీ కొత్తవి వేశా, ఏం తేడా లేదు. అందరూ కెపాసిటర్లు మార్చెయ్ అంటున్నారు, నిజంగా అవేనా అని ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ట్యూబులు అనవసరంగా కొన్నారు, సరే స్పేర్‌గా ఉంచుకోండి. ట్యూబ్ పీకి పెట్టడం ఈజీ కాబట్టి ముందు అందరి చెయ్యీ దాని మీదికే పోతుంది.

మీరు చెప్పినదాంట్లో పనికొచ్చే ముక్క ఒకటుంది, వాల్యూమ్ సున్నాకి తెచ్చినా హమ్ తగ్గట్లేదన్నారు. అంటే గొడవ వాల్యూమ్ కంట్రోల్ తర్వాత ఎక్కడో ఉంది, గిటారూ కేబులూ మొదటి స్టేజీ కాదు. ఇక రెండో పరీక్షకి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు, చేతిలో గిటార్ ఉంది కదా. మీ కరెంటు 50 హెర్ట్జ్ అయితే రెక్టిఫైయర్ (ఏసీని డీసీగా మార్చేది) దాటి వచ్చే హమ్ 100 హెర్ట్జ్‌లో ఉంటుంది, లావు ఇ తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కితే వచ్చే జి 98 హెర్ట్జ్, ఇంచుమించు అదే స్వరం. గిటార్‌ని వేరేగా వాయించి పోల్చి చూడండి. హమ్ ఆ జి కంటే ఒక్క పిసరు ఎక్కువ శ్రుతిలో ఉంటే అది ఫిల్టర్ కెపాసిటర్ల (ఆ డీసీని నునుపు చేసేవి) నుంచి వచ్చే హమ్, అదే జి కంటే ఒక ఆక్టేవ్ కింద ఉంటే అది 50 హెర్ట్జ్, అంటే ట్యూబుని లోపల వేడిచేసే హీటర్ వైరింగో, గ్రౌండ్ కనెక్షనో, లేకపోతే రెక్టిఫైయర్‌లో ఒక పక్క చచ్చిపోయి సగమే పనిచేస్తోందో అయ్యుండాలి. 60 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట వాళ్లకి 120 హెర్ట్జ్, అదే తీగ మీద ఆరో ఫ్రెట్‌కీ ఏడో ఫ్రెట్‌కీ మధ్యలో ఎక్కడో పడుతుంది. చెవి మీద నమ్మకం లేకపోతే ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి స్పీకర్ ముందు పట్టుకోండి, జి అని చూపించి ముల్లు షార్ప్ వైపు ఒరుగుతుంది.

కాసేపు బాగుండి తర్వాత హమ్ పెరిగిందంటే అనుమానం కెపాసిటర్ల మీదికే పోతుంది, కాదనను. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ లోపల అల్యూమినియం రేకు మీద పల్చటి ఆక్సైడ్ పొర ఉంటుంది, ఏళ్లపాటు కరెంటు తగలకపోతే ఆ పొర పాడవుతుంది, లోపలి ద్రవం కూడా ఎండిపోతుంది. అలాంటిదాని మీద ఒక్కసారిగా ఫుల్ వోల్టేజ్ పడితే లీకేజ్ కరెంటు పోతుంది, వేడెక్కుతుంది, వేడెక్కేకొద్దీ ఇంకా లీకవుతుంది. అందుకే ఏళ్ల తరబడి ఆగిన యాంప్‌ని తిన్నగా ప్లగ్‌లో పెట్టకూడదు. వేరియాక్ (తిప్పి వోల్టేజ్ పెంచే, తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) పెట్టి మెల్లమెల్లగా పెంచుతాం అంటారు కొందరు, మీ యాంప్‌లాగా ట్యూబ్ రెక్టిఫైయర్ ఉన్నవాటిలో అది అనుకున్నట్టు జరగదు, ఎందుకంటే తక్కువ వోల్టేజ్‌లో రెక్టిఫైయర్ ట్యూబ్ వేడెక్కదు, వేడెక్కకపోతే కెపాసిటర్లకి ఏమీ అందదు, ఒక స్థాయి దాటాక ఒక్కసారిగా అందుతుంది. మెల్లగా అన్నమాటకి అర్థమే పోయింది. ఆ పద్ధతే కావాలంటే రెక్టిఫైయర్ స్థానంలో తాత్కాలికంగా సిలికాన్ డయోడ్లు పెట్టి చేయాలి.

సరే, కొలిచి చూద్దాం. ప్లగ్ పీకండి, పీకాక మొదట కెపాసిటర్లు ఖాళీ చేయండి. 10 కిలో ఓమ్స్, 5 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ ఒకటి తీసుకుని ఒక కాలు క్రొకోడైల్ క్లిప్‌తో ఛాసిస్‌కి, రెండో కాలు బాగా ఇన్సులేషన్ ఉన్న ప్రోబ్‌తో మొదటి కెపాసిటర్ ప్లస్‌కి తాకించండి. 16 మైక్రోఫారడ్‌కి ఒక్క సెకను కూడా పట్టదు. తర్వాత మీటర్‌తో చూసి సున్నా అని నిర్ధారించుకోండి, మిగతా రెండు కెపాసిటర్ల మీద కూడా చూడండి. పని చేస్తున్నంతసేపూ ఆ క్లిప్ తీయకండి, ఖాళీ చేసిన కెపాసిటర్ మీద కూడా కాసేపటికి కొంత వోల్టేజ్ దానంతటదే తిరిగొస్తుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి టప్‌మనిపించే అలవాటు ఉంటే మానుకోండి, కెపాసిటర్‌కీ మంచిది కాదు మీ కళ్లకీ మంచిది కాదు.

తర్వాత రిపుల్, అంటే డీసీ మీద మిగిలిపోయిన ఏసీ, కొలవాలి. ముందు మీ మీటర్ సంగతి చూడండి, ఏసీ రేంజ్‌లో పెట్టి ఒక 9 వోల్టుల బ్యాటరీని కొలవండి. సున్నా చూపిస్తే మంచి మీటర్. 18, 20 అని ఏదో అంకె చూపిస్తే అది డీసీని కూడా ఏసీ అనుకుంటోంది, అలాంటిదాంతో కొలిస్తే మీకు రిపుల్ కాదు కంగారు మిగులుతుంది, ప్రోబ్‌కి సిరీస్‌లో 0.1 మైక్రోఫారడ్ 630 వోల్టుల కెపాసిటర్ ఒకటి పెట్టుకోండి. యాంప్ ఆఫ్‌లో, ఖాళీగా ఉన్నప్పుడే మైనస్ ప్రోబ్ ఛాసిస్‌కి, ప్లస్ ప్రోబ్ కెపాసిటర్‌కి క్లిప్ చేసేసి, డిశ్చార్జ్ క్లిప్ తీసేసి, అప్పుడు స్విచ్ వేయండి. కరెంటు ఉండగా ప్రోబులు అటూఇటూ తిప్పక్కర్లేదు, ప్రతిసారీ ఆఫ్ చేసి, ఖాళీ చేసి, మార్చుకోండి. టైమ్ పడుతుంది, పర్లేదు.

5ఎఫ్1లో వరుసగా 16, 8, 8 మైక్రోఫారడ్ కెపాసిటర్లు మూడుంటాయి, వాటి మధ్యలో 10 కిలో ఓమ్స్, 22 కిలో ఓమ్స్ రెసిస్టర్లు. మొదటి కెపాసిటర్ మీద 5 నుంచి 10 వోల్టుల దాకా ఏసీ రిపుల్ కనబడితే భయపడకండి, అంత చిన్న కెపాసిటర్‌తో అంతే ఉంటుంది. రెండో దాని మీద మాత్రం అర వోల్టు కూడా ఉండకూడదు, ఎందుకంటే 100 హెర్ట్జ్ దగ్గర 8 మైక్రోఫారడ్ అంటే దాదాపు 200 ఓమ్స్, 10 కిలో ఓమ్స్ దాటి వచ్చేసరికి రిపుల్ యాభయ్యో వంతుకి పడిపోవాలి. మూడో దాని మీద మిల్లీవోల్టుల్లోనే. ఇప్పుడు రెండో దాని మీద కూడా మూడు నాలుగు వోల్టులు కనిపిస్తే రెండో కెపాసిటర్ పేరుకే ఉంది, లోపల ఏం లేదు. మొదటిదాని మీదే 20, 30 ఉంటే మొదటిది పోయింది. ఏది పోయిందో ఊహించక్కర్లేదు, అదే చెప్తుంది.

చాంప్ లాంటి ఒక్క పవర్ ట్యూబ్ యాంప్‌లో ఇంకో ఇబ్బంది, మొదటి కెపాసిటర్ మీదున్న రిపుల్ తిన్నగా అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా స్పీకర్‌కి పోతుంది. రెండు పవర్ ట్యూబులుండే పుష్‌పుల్ యాంప్‌లో అది రెండు పక్కలా సమానంగా వచ్చి చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. కాబట్టి అన్నీ కొత్తవి వేసినా చాంప్‌లో చిన్న హమ్ మిగులుతుంది, దాన్ని పట్టుకుని యుద్ధం చేయకండి.

మార్చేటప్పుడు ఒకటి పోయినా మూడూ మార్చండి, వయసు ఒకటే కదా. 450 వోల్టులు తగ్గకుండా, దొరికితే 500 వోల్టులవి. మీ రెక్టిఫైయర్ 5వై3 కొన్ని సెకన్లలోనే రెడీ అయిపోతుంది, పవర్ ట్యూబ్ 6వి6 వేడెక్కి కరెంటు లాగేదాకా కెపాసిటర్ల మీద ఏ లోడూ లేని పీక్ వోల్టేజ్ కూర్చుంటుంది, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ (బయటికి వోల్టేజ్ ఇచ్చే వైండింగ్) ఒక్కో పక్క 325 వోల్టులైతే అది 460. 450 రాసున్న కెపాసిటర్ ప్రతి ఆన్‌కీ ఆ దెబ్బ తింటుందన్నమాట.

ప్రశ్న: డీలక్స్ రివర్బ్ లాంటి యాంప్ అండీ, జిజెడ్34 రెక్టిఫైయర్, రెండు 6వి6లు. ఆన్ చేస్తే ఫ్యూజ్ పోతోంది. ఎన్ని వేసినా అంతే. ఫ్రెండ్ ఒకడు పెద్ద ఆంప్స్ ఫ్యూజ్ వేసి చూడు, ఎక్కడ పొగొస్తే అక్కడే ప్రాబ్లమ్ అంటున్నాడు.

జవాబు: ఆ ఫ్రెండ్‌ని యాంప్‌కి దూరంగా ఉంచండి. పొగ వచ్చేది పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి అయితే యాంప్‌లో అన్నిటికంటే ఖరీదైన పార్టుల్లో ఒకటి పోయినట్టే. ఫ్యూజ్ వెనక ప్యానెల్ మీద ఎంత రాసుంటే అంతే, స్లో బ్లో అని ఉంటే స్లో బ్లోనే.

పోయిన ఫ్యూజులు పారేయకుండా ఉంటే ఒకటి వెలుతుర్లో పట్టుకుని చూడండి. గాజు లోపల నల్లగానో వెండి పూత పూసినట్టో అయిపోయి తీగ ఆనవాలే లేకపోతే గట్టి షార్ట్. గాజు శుభ్రంగా ఉండి తీగ మధ్యలో మెత్తగా కరిగి తెగితే కొంచెం కొంచెంగా ఎక్కువ కరెంటు పోతోంది. ఇంకోటి, ఆన్ చేసిన క్షణంలోనే పోతోందా, పది పదిహేను సెకన్లాగి పోతోందా? జిజెడ్34 మెల్లగా వేడెక్కే ట్యూబ్, అది రెడీ అయ్యేదాకా హై వోల్టేజ్ లైన్‌లోకి ఏమీ రాదు. వెంటనే పోతే ట్రాన్స్‌ఫార్మర్, హీటర్ వైరింగ్, లేదా రెక్టిఫైయర్ ట్యూబే లోపల షార్ట్ అయ్యుండాలి. ఆగి పోతే ఫిల్టర్ కెపాసిటర్, అవుట్‌పుట్ ట్యూబ్, బయాస్ (పవర్ ట్యూబుల కరెంటుని అదుపులో ఉంచే మైనస్ వోల్టేజ్), ఆ వైపు వెతకాలి. స్టాండ్‌బై స్విచ్ (హై వోల్టేజ్‌ని మాత్రం ఆపి ఉంచేది) వేసినప్పుడే పోతుంటే ఆ స్విచ్ తర్వాత ఉన్నవాటి మీద అనుమానం.

ఇక ఫ్యూజులు కాల్చడం ఆపి బల్బ్ లిమిటర్ ఒకటి చేసుకోండి. యాంప్‌కి వెళ్లే ఫేజ్ వైర్‌లో సిరీస్‌గా ఒక బల్బు, అంతే. ఫిలమెంట్ ఉన్న పాతకాలం బల్బే కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు, మీ మెయిన్స్ వోల్టేజ్‌కి సరిపోయేది ఉండాలి. చిన్న యాంప్‌కి 60 వాట్లు, దీనికి 100 వాట్లు పెట్టుకోవచ్చు. షార్ట్ ఉంటే బల్బు ఫుల్‌గా వెలిగి కరెంటుని అక్కడికి ఆపేస్తుంది, ఫ్యూజ్ పోదు, ట్రాన్స్‌ఫార్మర్ మాడదు. అన్నీ బావుంటే ఒక్కసారి మెరిసి మసకగా అయిపోతుంది. డబ్బా ఒకటి తీసుకుని హోల్డర్, సాకెట్ బిగించి నీట్‌గా చేసుకోండి, వేలాడే వైర్లతో వద్దు.

ఇప్పుడు ట్యూబులన్నీ పీకేయండి, ఏది ఏ సాకెట్‌లోదో గుర్తు పెట్టుకుని. ఉత్త ఛాసిస్‌ని బల్బ్ మీద ఆన్ చేయండి. బల్బు ఫుల్‌గా వెలుగుతూనే ఉంటే ట్యూబులకీ కెపాసిటర్లకీ సంబంధం లేదు, షార్ట్ ట్రాన్స్‌ఫార్మర్ వైపే ఉంది. కానీ ట్రాన్స్‌ఫార్మర్ పోయిందని అప్పుడే బెంగ పెట్టుకోకండి, ముందు పైలట్ ల్యాంప్ హోల్డర్ చూడండి, ముందు ప్యానెల్ మీద ఎర్రగా వెలిగే ఆ చిన్న బల్బు హీటర్ లైన్ మీదే ఉంటుంది, దాని హోల్డర్ రేకు వంగి షార్ట్ అవ్వడం పాత యాంప్‌లలో మామూలే. తర్వాత ట్యూబ్ సాకెట్లలో హీటర్ వైర్లు ఎక్కడైనా తాకుతున్నాయేమో చూడండి. మెయిన్స్ నుంచి పూర్తిగా విడదీసి, సెకండరీ వైర్లన్నీ విప్పి, ఒక్కో కొనా విడిగా ఇన్సులేట్ చేసి, మళ్లీ బల్బ్ మీద పెట్టినా ఫుల్‌గా వెలిగితే అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్‌కి నమస్కారం పెట్టండి.

బల్బు మసకబారిందా, మంచిది. రెక్టిఫైయర్ ఒక్కటీ పెట్టండి. వెలిగితే రెండే అవకాశాలు, ట్యూబ్ షార్ట్ లేదా దాని తర్వాత ఏదో షార్ట్. ఇంకో జిజెడ్34 ఉంటే మార్చి చూస్తే తేలిపోతుంది, లేకపోతే ఆఫ్ చేసి కెపాసిటర్లు ఖాళీ చేసి రెక్టిఫైయర్ సాకెట్ 8వ పిన్ నుంచి ఛాసిస్‌కి ఓమ్స్ కొలవండి. అంకె మెల్లగా పెరుగుతూ బాగా పైకి వెళ్తే మంచిదే, వందల ఓమ్స్‌లోనో ఇంకా కిందో ఆగిపోతే ఎవరో ఒకరు షార్ట్. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్ (వైండింగ్ మధ్యలోంచి వచ్చే వైర్) విప్పి మళ్లీ కొలిస్తే అదా కెపాసిటరా అన్నది తెలుస్తుంది. ఓమ్మీటర్ చాలా తక్కువ వోల్టేజ్‌తో చూస్తుంది కాబట్టి ఇక్కడ మంచిదని తేలినా 400 వోల్టుల దగ్గర కూలబడే కెపాసిటర్లు ఉంటాయి, ఆ తేడా బల్బ్ చెప్తుంది.

అదీ దాటితే ప్రీయాంప్ ట్యూబులు, చివర్లో పవర్ ట్యూబులు ఒక్కోటి. పవర్ ట్యూబులు పెట్టేముందు బయాస్ ఉందో లేదో చూడాలి, అది తర్వాతి ప్రశ్నలో చెప్తున్నా. లోడ్ లేకుండా యాంప్‌ని బల్బ్ లేకుండా ఎక్కువసేపు ఉంచొద్దు, పైన చెప్పినట్టు వోల్టేజ్ పీక్‌కి పోతుంది. స్పీకర్ తగిలించడం మర్చిపోవద్దు.

8వ పిన్ ముట్టుకునే ముందు ఇంకోటి గుర్తుపెట్టుకోండి, రెక్టిఫైయర్ హీటర్ 5 వోల్టులే అని తేలిగ్గా తీసుకుంటారు చాలామంది, ఆ 5 వోల్టుల వైండింగ్ మొత్తం హై వోల్టేజ్ మీద తేలుతూ ఉంటుంది. 2, 8 పిన్నులు రెండూ ఛాసిస్‌తో పోలిస్తే 400 పైనే.

ప్రశ్న: నా యాంప్‌లో రెండు పవర్ ట్యూబుల్లో ఒకటి కొద్దిసేపటికి ఎర్రగా కాలిన ఇనుములా అవుతోంది. ట్యూబ్ పోయినట్టేనా?

జవాబు: ముందు స్విచ్ ఆపండి, చూస్తూ కూర్చోకండి. మెరుస్తున్నది మధ్యలో ఉండే నారింజ రంగు హీటర్ కాదు, బయటి బూడిదరంగు ప్లేటే కదా? అయితే రెండు ట్యూబుల స్థానాలు మార్చి చూడండి. ఎరుపు ట్యూబ్‌తో పాటు వెళ్తే ట్యూబ్ పోయింది. అదే సాకెట్‌లో ఉండిపోతే సర్క్యూట్ గొడవ.

ఫిక్స్‌డ్ బయాస్ (బయాస్‌కి విడిగా ఒక చిన్న సప్లై ఉండే) యాంప్ అయితే పవర్ ట్యూబులు పీకేసి రెండు సాకెట్లలో 5వ పిన్ దగ్గర డీసీ కొలవండి, 6వి6, 6ఎల్6, ఈఎల్34 అన్నిటికీ కంట్రోల్ గ్రిడ్ అదే పిన్. రెండిటి మీదా ఒకే మైనస్ వోల్టేజ్ రావాలి, మోడల్‌ని బట్టి మైనస్ 30 నుంచి మైనస్ 50 దాకా. ఒక దానికి వచ్చి రెండోదానికి రాకపోతే గ్రిడ్‌కి వెళ్లే రెసిస్టర్ తెగిందో, పిన్ వదులైందో. వచ్చింది కానీ రెండోదానికంటే బాగా తక్కువ మైనస్ అయితే ముందు స్టేజ్ నుంచి వచ్చే కప్లింగ్ కెపాసిటర్ డీసీని లీక్ చేస్తోంది. రెండిటికీ లేకపోతే బయాస్ సప్లైనే, చిన్న డయోడ్, దాని పక్కన రెసిస్టర్, ఒక చిన్న ఎలక్ట్రోలిటిక్, ఇంతే ఉంటుంది అక్కడ. పెద్ద కెపాసిటర్లన్నీ మార్చి ఈ చిన్నదాన్ని వదిలేసిన యాంప్‌లు రిపేరుకి ఎన్నొస్తాయో. దీనికి ప్లస్ కాలు గ్రౌండ్‌కి ఉంటుంది, మైనస్ సప్లై కదా. అలవాటుగా మైనస్ గ్రౌండ్‌కి వేసేస్తే కొత్త కెపాసిటర్ కూడా పోతుంది, దాంతో బయాస్ పోతుంది, దాంతో రెండు ట్యూబులూ పోతాయి. ఇంకా పాతవాటిలో డయోడ్ బదులు రేకులు పేర్చినట్టుండే సెలీనియం రెక్టిఫైయర్ ఉంటుంది, అది కాలితే వచ్చే కంపు ఆరోగ్యానికి మంచిది కాదు, బాగానే ఉన్నా సిలికాన్ డయోడ్‌కి మార్చుకుని బయాస్ మళ్లీ సెట్ చేసుకోవడం మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: 5వై3 తీసి జిజెడ్34 పెడితే సౌండ్ టైట్ అవుతుందట. సాకెట్ ఒకటే కదా. పనిలో పని ఫిల్టర్ కెపాసిటర్ 16 బదులు 47 వేద్దామనుకుంటున్నా.

జవాబు: సాకెట్ ఒకటే, పిన్నులూ సరిపోతాయి, అందుకే చాలామంది ఇలాగే ఇరుక్కుంటారు. డేటా షీట్ ప్రకారం 5వై3 తనలోనే 125 మిల్లీ ఆంప్స్ దగ్గర 60 వోల్టుల దాకా తినేస్తుంది, జిజెడ్34 అయితే 225 దగ్గర కూడా 17 వోల్టులే. చిన్న యాంప్‌లో మీ హై వోల్టేజ్ ఇట్టే 30, 40 వోల్టులు పెరుగుతుంది, ఆ పెరిగింది కెపాసిటర్లూ 6వి6లూ భరించాలి. 6వి6జిటికి పాత డేటా షీట్ ప్లేట్ మీద 315 వోల్టులే అంది, ఫెండర్ వాళ్లు డీలక్స్ రివర్బ్‌లో 400 దాటించి కూర్చోబెట్టారు, అప్పటి ట్యూబులు తట్టుకున్నాయి, ఇప్పుడు మీరు వేసేవి తట్టుకుంటాయని రాసివ్వలేను.

47 సంగతికొస్తే, ఆన్ చేసిన ప్రతిసారీ ఖాళీ కెపాసిటర్‌ని నింపే కరెంటంతా రెక్టిఫైయర్ గుండా పోవాలి. 5వై3 తర్వాత మొదటి కెపాసిటర్‌ని 20 దగ్గర్లోనే ఉంచుతారు, 16 బదులు 22 అంటే సరే, 47 అంటే ట్యూబ్ లోపల మెరుపులు చూస్తారు. జిజెడ్34కి డేటా షీట్ 60 దాకా ఒప్పుకుంటుంది. రెండో మూడో కెపాసిటర్లు రెసిస్టర్ల వెనక ఉంటాయి కాబట్టి వాటిని కొంచెం పెంచుకున్నా రెక్టిఫైయర్‌కి బరువు పడదు. అయినా చాంప్‌లాంటి యాంప్‌కి గట్టిగా వాయించినప్పుడు కొంచెం కుంగి లేచే ఆ తీరే అందం, దాన్ని టైట్ చేసేస్తే ఇంకేదో యాంప్ కొనుక్కోవచ్చుగా.

ప్రశ్న: అన్నా, పాత యాంప్‌కి రెండు పిన్నుల ప్లగ్గే ఉంది. గిటార్ పట్టుకుని మైక్‌కి పెదవి ఆనిస్తే చురుక్కుమంటోంది. గ్రౌండ్ స్విచ్ రెండో వైపు వేస్తే తగ్గుతోంది. అలా వాడుకోవచ్చా?

జవాబు: వద్దు తమ్ముడూ, ఇవాళే ఆపెయ్. ఆ గ్రౌండ్ స్విచ్ మెయిన్స్ రెండు వైర్లలో ఒకదాన్ని ఒక చిన్న కెపాసిటర్ ద్వారా ఛాసిస్‌కి కలుపుతుంది, మామూలుగా 0.047 మైక్రోఫారడ్. ఛాసిస్ అంటే గిటార్ తీగలు. అది బాగున్నప్పుడే 120 వోల్టులు 60 హెర్ట్జ్ మీద 2 మిల్లీ ఆంప్స్, 230 వోల్టులు 50 హెర్ట్జ్ మీద 3 మిల్లీ ఆంప్స్ పైన నీ ఒంట్లోంచి పంపగలదు, చురుక్కుమన్నది అదే. ఆ కెపాసిటర్ షార్ట్ అయిందనుకో, మొత్తం మెయిన్సే తీగల మీదికొస్తుంది. డెత్ క్యాప్ అని ఊరికే పేరు పెట్టలేదు.

దాన్ని కత్తిరించి తీసెయ్యాలి, మార్చడం కాదు. మూడు వైర్ల కార్డ్ వెయ్యాలి. ఫేజ్ ముందు ఫ్యూజ్‌కి, అక్కణ్ణుంచి స్విచ్‌కి, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్‌కి, న్యూట్రల్ తిన్నగా ట్రాన్స్‌ఫార్మర్ రెండో కొసకి. ఎర్త్ వైర్ ఛాసిస్‌కి సొంత బోల్టుతో, పళ్లున్న వాషర్ వేసి, పెయింట్ గీకేసి బిగించాలి, ట్రాన్స్‌ఫార్మర్ బోల్టు కిందే దూర్చెయ్యకూడదు. ఆ ఎర్త్ వైర్‌ని మిగతా రెండిటికంటే కొంచెం పొడుగ్గా వదిలితే ఎప్పుడైనా కార్డ్ లాగబడి ఊడినా అది చివర్న ఊడుతుంది. తర్వాత రెండు యాంప్‌లు కలిపి వాడినప్పుడు హమ్ వస్తోందని ఎర్త్ పిన్ పీకేసేవాళ్లని చూసి నువ్వూ పీకొద్దు. సొంతంగా చేసిన అనుభవం లేకపోతే ఇది తెలిసినవాళ్ల చేతే చేయించు.

ప్రశ్న: సౌండ్ రాదు, కేవలం డుబ్ డుబ్ డుబ్ అని పడవ ఇంజన్‌లా. లోపల ఒక రెసిస్టర్ నల్లబడింది, అది మారిస్తే చాలా?

జవాబు: అది నల్లబడటానికి కారణం వేరే ఉంది, కొత్తది వేస్తే అదీ నల్లబడుతుంది. డుబ్ డుబ్ అంటే ఒక స్టేజ్ సప్లై ఇంకో స్టేజ్‌ని కదిలిస్తోంది, మధ్యలో వాటిని విడదీయాల్సిన కెపాసిటర్ పనిచేయట్లేదు. ఆ రెసిస్టర్ రెండు కొసల మధ్య డీసీ ఎంత పడుతోందో కొలవండి. ఉదాహరణకి 22 కిలో ఓమ్స్ రెసిస్టర్ మీద 40 వోల్టులు పడితే దాంట్లోంచి 1.8 మిల్లీ ఆంప్స్ పోతున్నట్టు, ఒక 12ఏఎక్స్7 ప్రీయాంప్ ట్యూబ్‌లో రెండు సగాలకి అది మామూలే. అదే 150 వోల్టులు పడుతుంటే 6.8 మిల్లీ ఆంప్స్, ఆ ట్యూబ్ అంత లాగదు, మిగతాదంతా లీకైన కెపాసిటర్ గుండా గ్రౌండ్‌కి పోతోంది, ఒక వాట్ రెసిస్టర్ మీద అక్షరాలా ఒక వాట్ పడుతోంది, నల్లబడక ఏం చేస్తుంది. ట్యూబ్ పీకి కొలిచినా తగ్గకపోతే ఇక సందేహమే లేదు. ఒక పక్క ఫుల్ వోల్టేజ్ ఉండి రెండో పక్క సున్నా, రెసిస్టర్ చల్లగా ఉంటే మాత్రం అది లోపల తెగిపోయింది. పాత కార్బన్ రెసిస్టర్లు తెగకపోయినా విలువ పైకి పాకుతాయి, ఒక కాలు విప్పి కొలిచి రాసినదానికంటే బాగా ఎక్కువుంటే మార్చండి. రెసిస్టర్, దాని తర్వాతి కెపాసిటర్, రెండూ కలిపే మార్చండి.

ఇదే కుటుంబానికి చెందిన ఇంకో లక్షణం ఇద్దరు పాఠకులు అడిగారు, పైన ఫ్రెట్ల మీద ఒక స్వరం వాయిస్తే కిందెక్కడో శ్రుతికి సంబంధం లేని ఇంకో స్వరం సన్నగా వినిపిస్తోందని. రిపుల్ మీ స్వరంతో కలిసి పుట్టించేదే అది, ముఖ్యంగా గట్టిగా వాయించినప్పుడు. మొదటి రెండు ఫిల్టర్ కెపాసిటర్లు చూడండి.

ప్రశ్న: 117 వోల్టులు 60 హెర్ట్జ్ అని రాసున్న యాంప్ నాకు చేరింది. మా దగ్గర 230 వోల్టులు 50 హెర్ట్జ్. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే చాలా?

జవాబు: వోల్టేజ్ వరకు చాలు, హెర్ట్జ్‌ని అది మార్చదు. 60 హెర్ట్జ్‌కే డిజైన్ చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌కి 50 ఇస్తే కోర్‌లో మ్యాగ్నెటిక్ ఫ్లక్స్ ఐదో వంతు పెరుగుతుంది, గుయ్‌మంటుంది, వేడెక్కుతుంది. ధారాళంగా చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్లు తట్టుకుంటాయి, పిసినారిగా చుట్టినవి తట్టుకోవు. బయట పెట్టే స్టెప్ డౌన్‌ని 117 కంటే కాస్త తక్కువ, 110 ఇచ్చేది చూసుకోండి, దాంట్లో కొంత ఊరట దొరుకుతుంది. ఎర్త్ లోపలికి తెచ్చేది ఉండాలి. గంట వాయించాక ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి ఆనించలేకపోతే 50 హెర్ట్జ్‌కి చేసిన కొత్త పవర్ ట్రాన్స్‌ఫార్మర్ వేయించండి, పాతది జాగ్రత్తగా దాచండి.

వోల్టేజ్ సెలెక్టర్ ఉన్న యాంప్ వాళ్లకి కూడా ఇదే చోట ఒక మాట. సెలెక్టర్ 220 మీద పెట్టి గోడలో 240 వస్తుంటే లోపల అన్నీ తొమ్మిది శాతం ఎక్కువే, 6.3 వోల్టుల హీటర్ 6.87 అవుతుంది. హీటర్‌కి పది శాతం అటూఇటూ ఓర్చుకుంటాయి ట్యూబులు, అంటే సరిగ్గా అంచు మీద నిలబెట్టినట్టు. ట్యూబులన్నీ పెట్టి ఆన్‌లో ఉన్నప్పుడు హీటర్ పిన్నుల మధ్య ఏసీ కొలిచి చూడండి, 240 ట్యాప్ ఉంటే దాని మీదికి మార్చేయండి.